కూలి గడిలో సున్నా

“సొంతాన చేసుకుంటే ఖర్చేముంది?”

పాత లారీ ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాట వినపడుతుంది. మా ఇంట్లో పదేళ్ల పైనుంచీ వినపడుతోంది. ఇందులో ఒక నిజం, ఒక అబద్ధం కలిసి ఉన్నాయి. చేతికి పని వచ్చినోడు ఏ షెడ్డు ముందూ చేతులు కట్టుకొని నిలబడక్కర్లేదు. ఇది నిజం. ఖర్చు లేదనేది అబద్ధం. ఖర్చు ఉంది. దాన్ని ఎవరూ రాయలేదు, అంతే. ఎందుకు రాయలేదు? రాయొద్దని మనకి ఎవరు నేర్పారు? రాయకుండా వదిలేసిన ఆ డబ్బు చివరికి ఎవరింటికి చేరుతోంది? పానా పట్టిన చేతుల గురించి ఈ మూడు ప్రశ్నలు వేసుకోకుండా శ్రమ గౌరవం మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా దండగే.

మాది పల్నాడు. మాదిగ పల్లె. మా అన్నకి 2004 మోడల్ ఆరు చక్రాల లారీ ఉంది. అప్పటికే పదేళ్లు తిరిగిన బండిని 2014లో వదిన మెడలోది కుదవ పెట్టి కొన్నాడు. మిర్చి కాలంలో గుంటూరు యార్డుకి టిక్కీలు తోలతాడు. మిగతా రోజుల్లో పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం, దొరికితే ఇటుక. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మేష్టర్ని. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని. అన్న ఆరో తరగతిలో బడి మాని క్లీనరుగా ఎక్కితేనే నేను బీఎడ్ దాకా పోయాను. కాబట్టి ఈ లెక్క ఇంకెవరో కాదు, నేనే రాయాలి.

ముందు మా తాత కాడ మొదలుపెడతాను. ఎందుకంటే సున్నా అక్కణ్నించే వచ్చింది.

తాత కపిలకి బానలు, తొండాలు కుట్టేవాడు. ఎడ్లకి పట్టెడలు, వార్లు, రైతులకి చెప్పులు చేసేవాడు. పచ్చి తోలు ఎన్నాళ్లు సున్నపు నీళ్లలో నాననివ్వాలో, వెంట్రుక ఊడాక ఎప్పుడు తంగేడు చెక్క వేసిన లందలోకి మార్చాలో వాసన పట్టి, వేలితో నొక్కి చెప్పేవాడు. అదంతా రసాయన శాస్త్రం. నేను చదివిన ఏ రసాయన శాస్త్రం పుస్తకంలోనూ లంద అనే మాట లేదు. ఊరికి మాత్రం అది కంపు. ఆ కంపులో తయారైన బానతోనే ఊరి పొలాలు తడిశాయి.

తాతకి ఇచ్చేది మేర. పంట నూర్చినప్పుడు కళ్లంలో కొలిచి పోసే గింజలు. ఏడాది పొడుగునా బాన ఎన్నిసార్లు చిరిగినా, వారు ఎన్నిసార్లు తెగినా అదే మేర. అర్ధరాత్రి పిలిచినా అదే. గింజలకి కొలత ఉంది, పనికి లేదు. పెట్టేవాడు కొలుస్తాడు, చేసేవాడు కొలవకూడదు. కొలిస్తే పొగరు. మా జాతికి పట్టించిన మొదటి లెక్క ఇది. ఎంత చేశావో లెక్కపెట్టుకోవద్దు, ఎంత పెట్టామో గుర్తుపెట్టుకో.

తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. కపిలలు పోయాయి. అంగడి చెప్పులు వచ్చాయి. తాత ఆరె, రంపె, గూటం చూరులోకి ఎక్కాయి. నాయన కూలికి పోయాడు. అన్న లారీ ఎక్కాడు.

లారీ ఎక్కడమంటే ముందు దాని కిందికి దూరడం. క్లీనరు బతుకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పే చదువు కాదు. పద్నాలుగు-పదిహేను పానా అడిగితే పదహారు-పదిహేడు అందించాడనుకో, అదే పానాతో వేళ్ల మీద పడేది. అట్టా నేర్చుకున్నాడు. సొంత బండి కొన్నాక ఆ చదువే అన్నం పెట్టింది. కొత్త బండి అయితే కంపెనీ మనిషి చూసుకుంటాడు. పదేళ్లు దాటిన బండి ప్రతి వారం ఏదో ఒకటి అడుగుతుంది. అడిగిన ప్రతిదానికీ షెడ్డుకి పోతే కిరాయి మొత్తం షెడ్డుకే.

అన్న చేసే పనులు కొన్ని చెబుతాను. చదువుకున్నవాళ్లు వినాలి.

డీజిలు అడుగంటితే పైపుల్లోకి గాలి దూరుతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోదు. గాలిని నొక్కితే నలుగుతుంది, డీజిలు నలగదు. అందుకే గాలి ఉన్నంతసేపూ పంపు ఒత్తిడి నాజిలు దాకా పోదు. అన్న ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడతాడు. ముందు బుడగలు, నురగ. అవి పోయి ఒకే ధారగా డీజిలు వచ్చిన క్షణాన స్క్రూ బిగిస్తాడు. దీనికి కావలసింది ఒక పానా, ఒక గుడ్డపీలిక, ఓపిక. రోడ్డు మీదకి మెకానిక్కుని పిలిపిస్తే నాలుగైదు వందలు.

గాలి బ్రేకు పైపు ఎక్కడో కారుతోంది. చప్పుడు వినపడుతుంది గానీ చోటు దొరకదు. సబ్బు నురగ చేసి అతుకులన్నిటికీ పూస్తాడు. బుడగ లేచిన చోటే లీకు. రోజూ బండి దిగేముందు గాలి ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదులుతాడు. వదలకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, ఆ తుప్పు వాల్వుల్లోకి పోతుంది.

కమాన్ పట్టీ విరిగితే విజయవాడ ఆటోనగర్‌లో పాత పట్టీ తెస్తాడు. అక్కడ కమాన్లకి ఒక వరస, రేడియేటర్లకి ఒక వరస, లేతు పనికి ఒక వరస. పాత సామాను గుట్టల్లోంచి పట్టీ ఏరి సుత్తితో కొట్టి చూస్తాడు. కణకణ మోగితే తీసుకుంటాడు. బొద్దుగా మోగిందా, లోపల పగులుందని పక్కన పడేస్తాడు.

ఒకసారి నీళ్ల పంపు కాడ ప్యాకింగ్ పోయింది. ఆదివారం, అంగళ్లు లేవు. అన్న చూరులోంచి తాత రంపె దించాడు. ప్యాకింగ్ షీటుని పంపు మూతి మీద పరిచి, అంచుల వెంట చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాడు. ఇనుప అంచు షీటు మీద అచ్చు పడింది. ఆ అచ్చు వెంట రంపెతో కోశాడు. బోల్టుల బెజ్జాలు ఆరెతో గుచ్చి వెడల్పు చేశాడు. కొంచెం గ్రీజు రాసి పెట్టి, బోల్టులు ఒకవైపు నుంచి వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాడు. వరసగా బిగిస్తే ఒక పక్క లేచి మళ్లీ కారుతుంది. తోలు మీద అడుగు గుర్తు తీసి చెప్పు కోసే పద్ధతీ ఇదే. తాత చేతిలోంచి అన్న చేతిలోకి వచ్చిన విద్యని నేను ఆ రోజు కళ్లారా చూశాను.

దీన్ని మన దేశం ఏమని పిలుస్తుంది? చేతివాటం అంటుంది. అలవాటు అంటుంది. ‘వాళ్లకి పుట్టుకతో వచ్చుద్ది’ అంటుంది. జ్ఞానం అని మాత్రం అనదు. పుట్టుకతో వచ్చేదైతే అన్న వేళ్ల మీద పానా దెబ్బలెందుకు పడ్డాయి? మంత్రం నోటితో పలికితే విద్య, బోల్టు ఎదురెదురుగా బిగించాలని తెలిస్తే కూలి. దసరాకి బండికి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. పానాకి బొట్టు. పానా పట్టిన చేతికి మాత్రం గడప అవతల నీళ్లు.

లాహోర్‌లో జరగాల్సిన సభ కోసం రాసి, సభ రద్దయ్యాక 1936లో తానే అచ్చువేసిన ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ ఈ సంగతి తేల్చి చెప్పాడు. కులమంటే ఉత్త పనుల విభజన కాదు, పనిచేసేవాళ్లనే విడగొట్టి ఒకరి మీద ఒకరిని పేర్చడం అని. అదే ఏడాది గాంధీ ‘హరిజన్’ పత్రికలో దానికి జవాబు రాశాడు. తాతల వృత్తితో పొట్టపోసుకోవడమే వర్ణధర్మమనీ, పాకీ పనికీ ఆధ్యాత్మిక గురువు పనికీ దేవుడి ముందు విలువ సమానమేననీ ఆయన వాదన. దేవుడి ముందు సమానమైన పని కళ్లంలో గింజలు కొలిచే కాడ ఎందుకు సమానం కాలేదని మా తాత అడగలేదు. అడిగే చోట ఆయన్ని నిలబడనివ్వలేదు.

మెచ్చుకోవడం వేరు, కూలి కట్టడం వేరు. ఈ దేశంలో రెండోది ఎగ్గొట్టడానికి మొదటిది చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఇక లెక్కలోకి వస్తాను. అన్నకి ఒక నోటు పుస్తకం ఉంది. డీజిలు, టోలు, టైర్లు, సామాను, ఆయిలు అన్నీ రాస్తాడు. 2022 సంవత్సరం పేజీలు తిరగేసి, షెడ్డులో చేయిస్తే కూలి ఎంతయ్యేదో పక్కన రాసుకుంటూ పోయాను. రేట్లు మా దగ్గరి షెడ్లలోవే.

ఆయిలు, ఫిల్టర్లు మార్చడం నాలుగుసార్లు, 300 చొప్పున 1,200. గ్రీజు కొట్టడం నెలకి రెండుసార్లు, 150 చొప్పున 3,600. కమాన్ పట్టీలు మూడుసార్లు, 900 చొప్పున 2,700. బ్రేకులు సర్దడం నెలకోసారి, 200 చొప్పున 2,400. లైనర్లు కొట్టడం ఒకసారి 2,000. సెల్ఫు, డైనమో బ్రష్షులు రెండుసార్లు, 500 చొప్పున 1,000. రోడ్డు మీద గాలి పట్టడం, పైపులు కారడం ఆరుసార్లు, 400 చొప్పున 2,400. క్లచ్ ప్లేటు ఒకసారి 2,500. మొత్తం 17,800 రూపాయలు.

అన్న పుస్తకంలో ఈ గడి లేదు. అన్ని రిపేర్ల కాడా సామాను ధర ఉంది. కూలి కాడ ఏమీ లేదు. ఏమీ లేదంటే లెక్కల్లో సున్నా.

“నా చేత్తో నేను చేసుకున్నదానికి నాకు నేనే కూలి ఇచ్చుకునేదేందిరా పంతులూ?” అని నవ్వాడు అన్న.

నవ్వాల్సిన మాటే. కానీ కిరాయి మాట్లాడే కాడ ఆ నవ్వు ఏమవుతుందో చూడండి. ఆ ఏడాది అన్న 140 ట్రిప్పులు కొట్టాడు. సరుకు చూపించే బ్రోకరు ప్రతిసారీ అనే మాట ఒకటే. “నీదేముందయ్యా, పాత బండి. ఫైనాన్సు లేదు. రిపేర్లు నువ్వే చేసుకుంటావు. నీకు ఖర్చేంది? రెండొందలు తగ్గించుకో.” అన్న తగ్గించుకుంటాడు. ఖాళీగా నిలబడటం కంటే నయం గదా అని. 140 ట్రిప్పులకి 200 చొప్పున 28,000. చేతులు కాల్చుకొని, నడుం విరగ్గొట్టుకొని మిగిలించింది 17,800. కిరాయిలో పోగొట్టుకున్నది 28,000. మా తరగతిలో వెనక బెంచీ పిల్లకాయ కూడా ఈ తీసివేత చేస్తాడు.

అన్న చేసుకున్న చౌక రిపేరు అన్నకి చౌక కాలేదు. సరుకుగల ఆసామికి చౌక అయింది. అన్న తన కూలి గడిలో వేసుకున్న సున్నా కిరాయిలో కరిగి, బ్రోకరు చేతి మీదుగా వేరే ఇంటికి పోయింది. అన్నకి ఇది కనపడలేదంటే కారణం తెలివి తక్కువ కాదు. మన కూలి గడి ఖాళీగా ఉండటం మనకి సహజంగా అనిపించేలా తరాల తరబడి అలవాటు చేశారు. కళ్లం పోయింది, మేర పోయింది, కొలవకూడదన్న పాఠం మాత్రం లారీ ఎక్కి మాతోపాటే వచ్చింది.

“అయితే దీన్ని వెట్టి అంటావా?” అని మా తోటి టీచరు ఒకాయన అడిగాడు. “బెత్తం పట్టుకొని ఎవరూ నిలబడలేదు గదా. మీ అన్న ఇష్టపడే చేసుకుంటున్నాడు గదా.”

మంచి ప్రశ్న. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణానికి అర్థం చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడం కూడా నిర్బంధ శ్రమేనని, బలవంతమంటే ఉత్త బెత్తం కాదు, వేరే దారి లేని పేదరికం, ఆకలి కూడా బలవంతమేనని. అన్నకి యజమాని లేడు కాబట్టి ఆ తీర్పు అన్నకి వర్తించదు, నాకు తెలుసు. కానీ ఆ తీర్పులోని ఆలోచన వర్తిస్తుంది. ఇష్టపడి చేసుకున్నాడో లేదో తెలుసుకోవాలంటే ఒకటే అడగాలి. వద్దనుకుంటే మానుకోగలడా? జేబులో డబ్బుండి, షెడ్డు దగ్గర్లో ఉండి, అయినా పానా పట్టుకుంటే అది ఇష్టం. అవేవీ లేక పట్టుకుంటే దానికి ఇష్టమని పేరు పెట్టడం మనం చేసే మోసం.

డబ్బు పోతే పోయింది. ఈ సున్నా ప్రాణాల మీదకి కూడా వస్తుంది. ఇది రాయకపోతే ఈ వ్యాసం రాయడమే వృథా.

మా పక్క ఊరి పల్లెలో ఒకాయన ఉండేవాడు. ఆయనదీ పాత లారీయే. వాన పడి నేల మెత్తగా ఉన్న రోజున యూ-బోల్టు మార్చడానికి జాకీ ఎత్తి కిందికి దూరాడు. జాకీ ఒరిగింది. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఎత్తాక చాసీ కింద గట్టి దుంగలు పేర్చాలి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు వేయాలి. ఇది ఆయనకి తెలియక కాదు. పొద్దుగూకే లోపు లోడు ఎత్తాలి. దుంగలు తేవాలంటే ఇంకో గంట. ఆ పనికి షెడ్డు కూలి ఎనిమిది వందలు. శవం కాడ ఊరి పెద్దమనిషి ఒకాయన అన్నాడు, “బంగారం లాంటి మనిషి. ఏనాడూ మిస్త్రీకి ఒక్క రూపాయి ఇచ్చి ఎరగడు” అని. పొగడ్తే. నాకు మాత్రం ఒళ్లు మండింది. మనం చచ్చినా మన చౌకదనాన్నే మెచ్చుకుంటారు.

ఇది ఒక్క దెబ్బతో పోయే ప్రాణం. నిదానంగా పోయేవి ఇంకా ఉన్నాయి. బ్రేకు లైనర్లలో ఏళ్ల తరబడి ఆస్బెస్టాస్ వాడారు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. ఎన్నో ఏళ్లకి క్యాన్సరై బయటపడొచ్చు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య హక్కు బతికే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1995 జనవరిలో తీర్పిచ్చింది. ఆ తీర్పు చెట్టు కింద డ్రమ్ము విప్పుకునే మనిషి దాకా రాలేదు. మావోళ్లు డ్రమ్ము ఊడదీసి దుమ్ముని నోటితో ఊదుతారు, లేదా గాలి పైపు పెట్టి కొడతారు. ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయాలి. కాలిన ఇంజనాయిలు కూడా అంతే, ఏళ్ల తరబడి చర్మానికి పడితే హాని. దాంతోనే చేతులు తడిపి, కిరసనాయిలుతో కడిగి, అన్నం తింటారు. ఈ ఖర్చు ఏ గడిలో రాయాలి?

ఇంకో సంగతి మన ఒంటిది కాదు, ఎదుటివాళ్ల ప్రాణానిది. అన్న బండికి లైనర్లు అరిగి రివెట్లు డ్రమ్ముని గీరే దాకా వచ్చినప్పుడు, ఇంకో బండికి విప్పిన పాత లైనర్లు సగం ధరకి ఇస్తానని ఒకడు వచ్చాడు. వాటికి గ్రీజు తాగి ఉంది. పెట్రోలుతో కడిగి మంట మీద కాలిస్తే సరిపోతుందన్నాడు. అట్టా కాల్చి వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రాత్రి మేమిద్దరం దీని గురించే మాట్లాడుకున్నాం.

“తమ్ముడూ, కమాన్ పట్టీ పాతది వేస్తే విరిగేది నా బండి. బ్రేకు పాతది వేస్తే?” అని అన్నే అడిగాడు.

పది టన్నుల సున్నం వెనక ఉంది. దారిలో బడులున్నాయి. సైకిళ్ల మీద పోయే పిల్లల్లో మన పల్లె పిల్లలే ఎక్కువ. లోపం ఉందని తెలిసీ, లేదా కాస్త చూస్తే తెలిసేదైనా చూడకుండానే, బండి తోలడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి తర్వాత. పేదరికం నా ఒంటిని పణం పెట్టే స్థితికి నన్ను నెట్టవచ్చు. దారిన పోయే పిల్లవాడి ఒంటిని పణం పెట్టే హక్కు మాత్రం పేదరికం నాకు ఇవ్వదు. మన మీద పెత్తనం చేసినవాళ్లు మన ప్రాణాలకి వేసిన సున్నాని మనం తెచ్చి ఇంకొకరి ప్రాణానికి వేస్తే, ఇక వాళ్లకీ మనకీ తేడా ఏముంది?

అన్న కొత్త లైనర్లు కొన్నాడు. డ్రమ్ములు లేతు మీద పట్టించాడు. లైనర్లు మాత్రం తనే కొట్టాడు, మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి పోతూ రివెట్లు వేశాడు. తర్వాత షెడ్డు మిస్త్రీని పిలిచి, మూడొందలిచ్చి ఒకసారి చూపించాడు. తన చెయ్యి మీద నమ్మకం లేక కాదు. బ్రేకు విషయంలో రెండో కన్ను ఉండాలని. అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. బండిని నడిపించేవి ఎంత చౌకగానైనా చేసుకోవచ్చు. బండిని ఆపేవి, తిప్పేవి చౌక చేయకూడదు.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. 2021లో పాత బళ్లని తుక్కు చేసే విధానం వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బళ్ల ఫిట్‌నెస్ రుసుములు బాగా పెంచారు. పాత బండి పొగ కక్కుతుంది, ప్రమాదం తెస్తుంది అంటారు. కాదనను. కానీ కొత్త బండి ధర పెట్టలేనివాడి చేతిలోకే పాత బండి వస్తుంది. బండి వయసు లెక్కపెట్టినవాళ్లు దాన్ని ఇన్నేళ్లు నడిచేలా నిలబెట్టిన చెయ్యి విలువ కూడా లెక్కపెట్టాలి గదా.

ఇదంతా విని అన్న ఒక ఎదురు ప్రశ్న వేశాడు. దాన్ని దాచకుండా చెబుతాను.

“అన్నిటికీ రేటు కట్టమంటావు. నడి రోడ్డు మీద ఇంకొకడి బండి ఆగితే దిగి గాలి తీసిస్తా. దానికీ రేటు కట్టమంటావా? అప్పుడు నాకూ షావుకారికీ తేడా ఏందిరా? ఇంకోటి. పొద్దున్నే సెల్ఫు కొట్టగానే ఒక్క దెబ్బకి అందుకుంటే నాకు ఎట్టా ఉంటదో నీకు తెలవదు. దానికెంత రాస్తావ్ నీ పుస్తకంలో?”

ఈ మాటలో చాలా ఉంది. పని మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమని ఏ లెక్కా పట్టలేదు, పట్టకూడదు కూడా. ఇంజను చప్పుడులో చిన్న తేడా వస్తే టప్పెట్లు వదులయ్యాయో, నాజిలు కొట్టుకుంటోందో చెప్పగలిగినవాడి ఆనందం పాట పాడేవాడి ఆనందం లాంటిదే. దాన్ని మనకి దక్కకుండా చేయలేకపోయారు. దాని మీద మనకి గర్వం ఉండాలి.

కానీ రోడ్డు మీద సాయానికీ బ్రోకరు తగ్గించిన రెండొందలకీ తేడా ఉంది. విలువ తెలిసి ఇస్తే అది సాయం. విలువే లేదనుకొని ఇస్తే అది వెట్టి. రోడ్డు మీద ఆగిన మనిషి అన్న చేతిని పట్టుకొని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. రేపు ఇంకో చోట అన్న బండి ఆగితే ఇంకొకడు దిగుతాడు. అక్కడ ఇద్దరూ సమానం. బ్రోకరు అన్న చేతిని చూడనే చూడడు. ఆ చెయ్యి ఊరికే వచ్చిందనుకుంటాడు. దానం చేయాలన్నా ముందు అది మనదని మనకి తెలిసి ఉండాలి. మనదని తెలియనిదాన్ని మనం ఇవ్వలేం, మన దగ్గర్నుంచి తీసుకుపోతారు.

2023 నుంచి అన్న పుస్తకంలో కూలి గడి ఉంది. గీత గీసింది నేను, అంకెలు వేసేది అన్న. ఏ పని, ఎన్ని గంటలు, షెడ్డు రేటు ఎంత. నెలాఖరుకి కూడిక. కిరాయి మాట్లాడేటప్పుడు ఆ అంకె కలిపి చెబుతాడు. మొదట్లో బ్రోకరు నవ్వాడు. రెండు లోళ్లు వేరేవాళ్లకి పోయాయి. ఆ వారం ఇంట్లో ఇబ్బందే అయింది. తర్వాత స్టాండులో ఉండే ఇంకో నలుగురు బళ్లోళ్లు పుస్తకం చూసి తాము కూడా రాయడం మొదలుపెట్టారు. వాళ్లలో ఇద్దరు మాలలు, ఒకరు దూదేకుల, ఒకరు వడ్డెర. కిరాయిలేం పెద్దగా పెరగలేదు. పెరిగాయని రాస్తే అబద్ధమవుతుంది. కానీ ఫలానా అంకె కంటే తగ్గితే ఎవరూ కదలకూడదని ఐదుగురికీ ఇప్పుడు ఒక మాట ఉంది. ఒంటరిగా ఒక్కడు చెబితే అది పొగరు. ఐదుగురు ఒకే అంకె చెబితే అది రేటు. లెక్క రాయడం ఇంటి పని అనుకుంటాం గాని, అది కలిసి నిలబడటానికి మొదటి మెట్టు.

చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట చెబుతాను. మనవాళ్ల చేతిపనుల్ని చూసి సిగ్గుపడమని బడి నేర్పుతుంది. వాటిని చూసి పొంగిపోయి పాటలు కట్టమని కొందరు మిత్రులు నేర్పుతారు. రెండూ చాలవు. మీరు నేర్చుకున్న చదువుతో ఇంటికి పోయి ఆ పనుల్ని రాయండి. ఎట్టా చేస్తారో రాయండి, ఎన్ని గంటలు పడుతుందో రాయండి, ఒంటికి ఏం నష్టమో రాయండి, బజార్లో దాని కూలి ఎంతో రాయండి. లంద గురించి రాసినవాళ్లు లేక తాత రసాయన శాస్త్రం తాతతోనే పోయింది. గాలి తీయడం, ప్యాకింగ్ కోయడం, పట్టీ మోగించి చూడటం కూడా రేపు కొత్త బళ్లొస్తే పోతాయి. పోయేలోపు రాయాలి.

మొన్న ఆ కూలి గడి నింపుతుంటే వదిన వచ్చి పక్కన కూర్చుంది. రాత్రిళ్లు అన్న బండి కింద ఉంటే టార్చిలైటు పట్టేది వదినే. పానా నంబరు చెప్పకముందే అందిస్తుంది. ఆయిలు బట్టలు ఉడకేసి ఉతుకుతుంది. లోడు కోసం తెల్లారుజామున మూడింటికి లేచి అన్నం వండి కట్టిస్తుంది. బండి కొన్నది ఆమె మెడలోది కుదవ పెట్టి.

పుస్తకంలోకి తొంగి చూసి, “మరి నా గడి ఏదీ?” అంది.

అన్న నా వైపు చూశాడు. నేను స్కేలు తీసుకొని ఇంకో గీత గీశాను. అందులో ఏ అంకె వేయాలో ముగ్గురికీ తేలలేదు. టార్చి పట్టినందుకు షెడ్డు రేటు లేదు, మూడింటికి లేచినందుకు బజార్లో ధర లేదు. ధర లేదంటే విలువ లేదని కాదని ఇంతసేపూ వాదించింది నేనే గదా. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. సున్నా మాత్రం ఎవరం వేయలేదు.